భర్త పోయిన ఇల్లాలిది ఏ ఊరు?

ఆ మధ్య మన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఒక ఇంట సంవత్సరీకాల భోజనాలకు వెళ్లాం. పోయినవాడు నలభై దాటని మనిషి. ఫిజీలో పుట్టి, ఆక్లండ్‌లో కొన్నేళ్లు పనిచేసి, అక్కడి పాస్‌పోర్టు పుచ్చుకుని భార్యాపిల్లలతో ఇక్కడికి వచ్చినవాడు. విస్తళ్లు ఎత్తేశాక ఆ అమ్మాయి మా పక్కకు వచ్చి కూర్చుని అడిగింది: "బాబాయిగారూ, మేం వచ్చి ఎనిమిదేళ్లయింది. ఒక్క వారం మానకుండా పనిచేశాం, పన్ను కట్టాం. ఆయన పోయాక సాయం అడగబోతే, మీరు ఈ దేశంలో ఉంటున్నారు గాని చట్టం లెక్కలో ఈ దేశపు నివాసులు కారు అన్నారు. ఉండటం వేరూ నివాసం వేరూ ఎట్లా అవుతాయండీ?"

అప్పటికి ఏదో సర్దిచెప్పాం గాని, ఆ ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. ఉండటం వేరు, నివాసం వేరు అన్న ఈ మాట నిన్న మొన్న పుట్టింది కాదు. సుమారు మూడువందల అరవై యేళ్ల కిందట ఇంగ్లండులో చట్టమై కూర్చున్నది. ఆ చట్టం కింద ఎక్కువగా నలిగినవాళ్లలో భర్త పోయిన ఆడవాళ్లూ, వాళ్ల పిల్లలూ ఉన్నారు. మన పూర్వులను చెరకు తోటలకు పంపిన దొరలు ఆ చట్టం నీడలో పెరిగినవాళ్లే. కాబట్టి దాని కథ కొంత తెలుసుకోవడం మనకు అవసరమని తోచి ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మనం ఉన్న యిప్స్‌విచ్ నగరానికి ఆ పేరు ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతపు పట్టణం నుంచి వచ్చింది. మొదట ఇక్కడ సున్నపురాయి తీసేవారు గనుక లైమ్‌స్టోన్ అనేవారు. 1843లో పేరు మార్చారు. ఆ పాత యిప్స్‌విచ్ పేదల పోషణకోసం ఊరివాళ్లపై నిర్బంధంగా పన్ను వేసిన తొలి పట్టణాలలో ఒకటి. అది 1557లో. దేశమంతటికీ అటువంటి ఏర్పాటు ఆ తరువాతనే వచ్చింది. ఎలిజబెత్ రాణి చివరి కాలంలో, 1601లో వచ్చిన పేదల చట్టం ప్రకారం ప్రతి పేరిష్ తన పేదలను తానే పోషించుకోవాలి.

పేరిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే పల్లె అని అనుకోండి. మన వైపు మునసబు, కరణం ఉన్న గ్రామం ఎటువంటిదో సుమారుగా అటువంటిది. ఊరివాళ్ల దగ్గర పన్ను వసూలు చేసి ముసలివాళ్లకు, అవిటివాళ్లకు, తల్లిదండ్రులు లేని పిల్లలకు, దిక్కులేని ఆడవాళ్లకు పంచిపెట్టడానికి ప్రతి పేరిష్‌లోనూ ఇద్దరు ముగ్గురు అధికారులుండేవారు. వాళ్ల ఉద్యోగం పేరు ఓవర్సీరు. ఈ మాట చదవగానే మన ఇళ్లలోని పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. చెరకు తోటలో కొరడా పట్టుకుని గుర్రం మీద తిరిగినవాడి పేరూ అదే. ఫిజీలో మనవాళ్లు వాణ్ణి కులంబర్ అన్నారు. పేదలకు రొట్టె పంచే అధికారికీ, కూలీల చేత పని పిండే అధికారికీ ఒకే పేరు పెట్టుకున్న జాతి అది.

ఇంతవరకూ చట్టం మంచిదే. రాజు గాని, ఊరు గాని తన పేదలను పోషించాలని చట్టంలో రాసుకున్న దేశాలు ఆనాడు ఎన్ని ఉన్నాయి? చిక్కంతా "తన" అన్న మాట దగ్గర వచ్చింది. ఊరికి ఎవరు తనవాళ్లు?

దానికి జవాబుగా 1662లో నివాస చట్టం వచ్చింది. ఒక మనిషి పొరుగూరినుంచి వచ్చి ఏడాదికి పది పౌన్లకు తక్కువ అద్దె పలికే ఇంట్లో దిగితే, నలభై రోజులలోపల ఓవర్సీర్లు ఫిర్యాదు చేసి, ఇద్దరు మేజిస్ట్రేట్ల చేత ఉత్తర్వు రాయించి అతణ్ణి సొంత ఊరికి తోలివేయవచ్చు. అతను బిచ్చం ఎత్తనక్కరలేదు, సాయం అడగనక్కరలేదు. ముందుముందు ఊరికి భారమవుతాడేమో అన్న అనుమానం చాలు. పది పౌన్ల అద్దె ఇల్లు ఆ రోజులలో కూలివాడికి అందేది కాదు. తరువాతి చట్టాలలో మరికొన్ని దారులు తెరిచారు. ఊరి పన్ను కడితే నివాసం వస్తుంది, ఊరిలో పనివాడి దగ్గర శిష్యరికం చేస్తే వస్తుంది, నిండా ఒక ఏడాది జీతానికి కుదిరి పనిచేస్తే వస్తుంది. ఏడాది అన్నారు గనుక రైతులు చాలాచోట్ల యాభై ఒక్క వారాలకే కుదుర్చుకోవడం మొదలుపెట్టారు. ఒక్క వారం తగ్గిస్తే మనిషి ఊరికి భారం కాడు! ఇటువంటి తెలివి మనకు కొత్తగా అనిపించదు గదా.

ఇక ఆడవాళ్ల సంగతి. ఇక్కడ కాస్త నిదానించి చదవాలి.

పెళ్లయిన క్షణాన ఆడదానికి తాను పుట్టిన ఊరి నివాసం పోయి భర్త నివాసం వస్తుంది. భర్త చనిపోయినా అదే ఆమెకు మిగులుతుంది. పిల్లలకు తండ్రి నివాసమే నివాసం. ఒక ఉదాహరణ కల్పించి చెబుతాం. ఒక పిల్ల తూర్పు పల్లెలో పుట్టింది. పడమటి పల్లె నివాసం ఉన్న నేతగాణ్ణి పెళ్లాడింది. ఇద్దరూ పనికోసం మూడో ఊరు, ఒక పట్టణం చేరి చిన్న గది అద్దెకు తీసుకుని పదిహేనేళ్లు బతికారు. పిల్లలు అక్కడే పుట్టారు. నేతగాడు జ్వరంతో పోయాడు. ఆమె రొట్టెకోసం ఓవర్సీరు గడప తొక్కింది. అతను ఆమెను మేజిస్ట్రేట్ల ఎదుట నిలబెట్టి, నీ భర్త ఎక్కడ పుట్టాడు, ఎవరి దగ్గర ఎన్నాళ్లు పనిచేశాడు, ఎంత అద్దె కట్టాడు అని ప్రమాణం చేయించి అడుగుతాడు. చివరికి తేలేదేమిటంటే ఆమె ఊరు పడమటి పల్లె. ఆమె ఆ పల్లెను కంటితో చూసి ఎరగదు. అక్కడ ఆమెకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. అయినా బండెక్కించి పంపుతారు. ఆ పల్లె పెద్దలు ఈమె మాకు వద్దు అని కోర్టుకెక్కితే, ఆ వ్యాజ్యానికయ్యే ఖర్చుతో ఆమెను కొన్నేళ్లు పోషించవచ్చు.

జీతానికి కుదిరి ఏడాది పనిచేస్తే నివాసం వస్తుందన్నాం గదా, ఆ దారి అయినా ఆమెకు ఉందా అంటే, లేదు. ఆ హక్కు పెళ్లికాని, పిల్లలు లేని మనుషులకే అని 1691 చట్టం స్పష్టంగా రాసింది. పిల్లల తల్లి ఎన్నేళ్లు చాకిరీ చేసినా ఆ పనివల్ల ఊరు ఆమెది కాదు. పిల్లలు ఉండటం వల్లనే సాయం కావాలి, ఉండటం వల్లనే సాయానికి దారి మూసుకుంది.

మారు మనువు చేసుకుంటే మరొక చిక్కు. ఆమె నివాసం రెండో భర్త ఊరికి మారుతుంది. మొదటి భర్త పిల్లల నివాసం మాత్రం మొదటి తండ్రి ఊరిలోనే ఉంటుంది. ఏడేళ్లలోపు పిల్లలను తల్లి దగ్గర నుంచి వేరు చేయకూడదన్నారు. అంతవరకు దయ. ఏడు నిండిన పిల్లవాడిని తండ్రి ఊరికి పంపి, అక్కడ ఎవరికో శిష్యరికం పేర పనికి అప్పగించవచ్చు. ఒక తల్లి కడుపున పుట్టిన పిల్లలు, ఒకరు ఒక పేరిష్ సొత్తు, మరొకరు మరొక పేరిష్ సొత్తు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకైతే పుట్టిన ఊరే నివాసం. అందువల్ల నెలలు నిండిన పెళ్లికాని ఆడవాళ్లను పురుడు తమ ఊరిలో పోసుకోకుండా సరిహద్దు దాటించేవారు. 1697 చట్టం తరువాత, సాయం పుచ్చుకునే పేదలు కుడి భుజాన ఎర్రటి గాని నీలపు గాని గుడ్డమీద ఊరి పేరులోని మొదటి అక్షరం కుట్టించుకుని తిరగాలి. ఇది 1810 దాకా పోలేదు.

క్రమంగా చట్టం మెత్తబడింది. నిజంగా సాయం అడిగేదాకా ఎవరినీ తోలకూడదని 1795లో అన్నారు. తరువాత 1834లో కొత్త పేదల చట్టం వచ్చింది. సాయం కావాలంటే పనిశాలలోకి రావాలి, అక్కడి బతుకు బయటి కూలివాడి బతుకుకంటే అధ్వాన్నంగా ఉండాలి అన్నది దాని సూత్రం. పనిశాలలో మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు, పిల్లలు ఇంకొకవైపు. అంత కఠినులు కూడా వితంతువుల విషయంలో కొంత సడలించక తప్పలేదు. భర్త పోయిన మొదటి ఆరు నెలలు ఇంటిదగ్గరే సాయం ఇవ్వవచ్చునని 1844 ఉత్తర్వులో రాశారు. ఇక 1846లో, అయిదేళ్లు ఒకచోట ఉన్నవాళ్లను అక్కడినుంచి తోలకూడదనీ, భర్త పోయిన ఏడాదిలోపల వితంతువును కదిలించకూడదనీ అన్నారు. ఆ అయిదేళ్లు 1861లో మూడయ్యాయి, 1865లో ఒకటయింది. పేదల చట్టం మొత్తం పుస్తకాలనుంచి చెరిగిపోయింది మాత్రం 1948లోనే.

మరి మన దేశంలో? చెన్నపట్నం రాజధానిలో ఇంగ్లీషువారు పేదల చట్టం పెట్టలేదు. అన్నదమ్ముల కుటుంబం ఉంది, కులం ఉంది, సత్రాలున్నాయి, అవే చూసుకుంటాయి అన్నారు. 1876-78 కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎండిపోయి జనం లక్షలలో చచ్చాకగాని, 1880 నాటి కమిషన్ సలహాతో కరువు నిబంధనలు రాయలేదు. అవి కరువుకే. మామూలు రోజులలో భర్త పోయిన ఇల్లాలికి పుట్టిల్లు, లేదా అత్తిల్లు. ఆ రెండూ కాదన్నవాళ్లకు దారి మిగిలింది రోడ్డు. ఆ రోడ్డు మీదనే కూలీలను సమకూర్చే ఏజెంటు ఎదురుపడేవాడు.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60,965 మంది వెళ్లారు. చెన్నపట్నం నుంచి ఓడలు మొదలైంది 1903లో. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాలవాళ్లు వాటిలో ఉన్నారు. నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లుండాలని నిబంధన. ఆ నలభైమందిని పూరించడానికి ఏజెంట్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. వితంతువులూ, మొగుడు వదిలేసినవాళ్లూ, ఇంట్లో నిలవలేక వచ్చినవాళ్లూ ఆ లెక్కలో చేరారు.

గిరిమిట్టు కాగితం ఎవరిది వారికే. భర్త పోతే భార్య గిరిమిట్టు పోదు. అయిదేళ్లూ నిండాల్సిందే. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు తొమ్మిది గంటలు, శనివారం అయిదు గంటలు. మగవాడికి షిల్లింగు, ఆడదానికి తొమ్మిది పెన్నీలు, అదీ చెప్పిన పని పూర్తయితేనే. చంకబిడ్డను చెరకు చాలులో పడుకోబెట్టి పార పట్టిన మనిషికి పని ఎప్పుడు పూర్తవుతుంది? వచ్చిన మొదటి ఏడాది మాత్రం అయిదేళ్లలోపు పిల్లలకు రోజుకు తొమ్మిది ఛటాకుల పాలు ఊరికే ఇస్తామని కాగితంలో రాశారు. ఏడాది దాటిన తరువాత బిడ్డకు ఆకలి వేయదని కాబోలు వాళ్ల లెక్క.

ఇప్పుడు పేరిష్ చట్టాన్ని తలచుకుని ఈ కాగితం మళ్లీ చదవండి. అయిదేళ్ల పని ముగిస్తే సొంత ఖర్చులతో తిరిగి పోవచ్చు. మొత్తం పదేళ్లు ఉంటేనే ప్రభుత్వ ఖర్చులతో ఓడ ఎక్కిస్తారు. తరువాతి సంవత్సరాల కాగితాలలో, ఆ హక్కు వచ్చిన రెండేళ్లలోపల అడగాలి, లేకుంటే పోతుంది అని చేర్చారు. అక్కడ పుట్టిన పిల్లలకు పన్నెండేళ్ల వరకే ఉచిత ప్రయాణం, అదీ తల్లిదండ్రులతోనో, సంరక్షకుడితోనో కలిసి వెళితేనే. వచ్చిన తొలి ఏడాదిలో బిడ్డను కన్న ఇల్లాలు పదేళ్లు నిండాక రెండు మూడేళ్లు తటపటాయిస్తే బిడ్డకు పన్నెండు నిండిపోతాయి. ఇంగ్లండులో పేరిష్ వితంతువును కనీ వినీ ఎరగని ఊరికి బలవంతంగా తోలారు. ఇక్కడ సొంత ఊరు కళ్లముందు కదులుతున్నా పదేళ్ల దాకా కదలనివ్వలేదు.

మా నాయనమ్మ భర్త పోయేనాటికి ఇరవై ఏడేళ్లది. బా జిల్లాలో లైన్ల కాలం. ఇద్దరికీ పెళ్లయింది మన పద్ధతిలో, పసుపుతాడుతో. సర్కారు పుస్తకంలో రాయించలేదు. రాయించని పెళ్లి అక్కడి చట్టం కంటికి పెళ్లి కాదు. కాబట్టి ఆమె చట్టం లెక్కలో వితంతువు కూడా కాదు! ఆయన దాచిన నాలుగు డబ్బులకోసం ఎవరెవరి కాళ్లు పట్టుకున్నదో ఆమె చివరిదాకా చెబుతూనే ఉండేది. పేర్లు మాత్రం చెప్పేది కాదు.

నేటాలులో మనవాళ్ల గతి ఇంకా అన్యాయం. అక్కడ 1895 చట్టంతో గిరిమిట్టు ముగిసి అక్కడే ఉండిపోయేవాళ్లమీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. ఆడవాళ్లకూ మినహాయింపు లేదు, తరువాత పదమూడు నిండిన ఆడపిల్లలమీద కూడా పడింది. పేరిష్ పేదకు ఇచ్చేందుకు పన్ను వసూలు చేస్తే, నేటాలు పేద దగ్గరే వసూలు చేసింది. 1913 సమ్మెలో వేలమంది పని వదిలి నడిచి, 1914లో ఆ పన్ను రద్దయింది. ఫిజీలో గిరిమిట్టు 1920 జనవరి 1న రద్దయ్యాక, పని చేయలేని, బంధువులు లేని ముసలి గిరిమిట్టువాళ్లకు ఆ దశకంలో ప్రభుత్వం కొద్దిపాటి నిరుపేద భత్యం ఇవ్వడం మొదలుపెట్టింది. నేటి ఫిజీ కుటుంబ సహాయ పథకానికి మూలం అదే. మిగిలినదంతా మన సంఘాలు చూశాయి. 1926లో నాందీలో పుట్టిన సంగం, 1941లో తెలుగువాళ్లు విడిగా పెట్టుకున్న ఆంధ్ర సంగం. పిల్లల చదువుకు పిడికెడు బియ్యం తీసిపెట్టిన తల్లులు మాకు తెలుసు.

ఆస్ట్రేలియా పేదల చట్టం తెచ్చుకోలేదు. క్వీన్స్‌లాండ్ పాత భూమి పటాలలో పేరిష్ అన్న మాట కనబడుతుంది గాని అది సర్వే లెక్క మాత్రమే. ఆ పేరిష్‌కు ఓవర్సీరూ లేడు, రొట్టె కూడా లేదు. దిక్కులేనివాళ్లను 1865 నుంచి 1946 దాకా స్ట్రాడ్‌బ్రోక్ దీవిలోని డన్‌విచ్ ఆశ్రమానికి పంపేవారు. తోలివేయడం మాత్రం ఇక్కడా ఉంది. చెరకు తోటలలో పనిచేసిన దక్షిణ సముద్ర దీవులవాళ్లను 1901 చట్టంతో వెనక్కి పంపారు. ఇరవై ఏళ్లు ఇక్కడ ఉన్నామని నిరూపించినవాళ్లు మొదలైన కొందరికి మాత్రం 1906లో మినహాయింపు ఇచ్చారు. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చినప్పుడు ఆసియావాళ్లు అందులోకి రారని రాశారు. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లకు ఆ అడ్డు తీసేసింది 1926లో. వితంతువుల పింఛను మొదట న్యూ సౌత్ వేల్స్‌లో 1925లో, దేశమంతటా 1942లో వచ్చింది. అయిదేళ్ల నివాసం కావాలి. అందులో మేము మెచ్చుకునే విషయం ఒకటి ఉంది. పెళ్లి నమోదు కాకున్నా మూడేళ్లు కలిసి కాపురం చేసిన ఆడదాన్ని కూడా వితంతువుగా లెక్కించారు. మా నాయనమ్మ ఈ దేశంలో ఉండి ఉంటే ఆ ఒక్క ముక్క ఆమెకు చాలు.

ఆ ప్రత్యేక పింఛనులు ఒక్కొక్కటే మూతపడి, చివరిదైన వితంతు భత్యం 2022 జనవరి 1తో ఆగిపోయింది. ఇప్పుడు పిల్లలున్న తల్లికి ఒంటరి తల్లిదండ్రులకు ఇచ్చే భత్యమే ఆధారం. 2023 సెప్టెంబరు నుంచి చిన్న బిడ్డకు పధ్నాలుగేళ్లు వచ్చేదాకా ఇస్తున్నారు. కొత్తగా వచ్చిన శాశ్వత నివాసులకు ఇటువంటి సాయం నాలుగేళ్ల తరువాతనే అన్నది 2019 నుంచి ఉన్న నిబంధన. అయితే శాశ్వత నివాసం దొరికాక భర్త పోయి ఒంటరి తల్లి అయితే ఆ గడువు వర్తించదు. ఇది చాలామందికి తెలియదు. తెలియక నాలుగేళ్లు అప్పులు చేసి బతికినవాళ్లున్నారు.

ఆ అమ్మాయి చిక్కు వేరు. న్యూజీలాండు పాస్‌పోర్టుమీద వచ్చేవాళ్లకు దిగగానే ఒక ప్రత్యేక వీసా పడుతుంది. దానితో ఎన్నేళ్లయినా ఉండవచ్చు, పని చేయవచ్చు. కాని 2001 ఫిబ్రవరి 26 తరువాత వచ్చినవాళ్లను సాయాల చట్టం మామూలుగా ఈ దేశపు నివాసులుగా లెక్కించదు. పిల్లల పేరున వచ్చే కుటుంబ పన్ను భత్యం ఉంటుంది. ఒంటరి తల్లి భత్యం ఉండదు. పదేళ్లు నిండినవాళ్లకు పనిలేనివారి భత్యం జీవితంలో ఒక్కసారి, ఆరు నెలలవరకు దొరుకుతుంది. ఆ అమ్మాయికి నిండినవి ఎనిమిది. అదే పాత పేరిష్ లెక్క. పదిహేనేళ్లు పట్టణంలో ఉన్న నేతగాడి భార్యకు ఏమి చెప్పారో ఈమెకూ అదే చెప్పారు. పన్ను కట్టడం వల్ల పేరిష్‌లోనైనా నివాసం వచ్చేది, ఇక్కడ అదీ లేదు.

2023 జూలై 1 నుంచి ఒక తలుపు తెరిచారు. నాలుగేళ్లు ఇక్కడ ఉన్న న్యూజీలాండు పౌరులు మధ్యలో శాశ్వత వీసా లేకుండానే నేరుగా ఆస్ట్రేలియా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పౌరసత్వం వస్తే ఇంతకుముందు చెప్పిన నాలుగేళ్ల గడువు కూడా ఉండదు. ఆమె భర్తకు ఈ సంగతి తెలుసు. ఫారాలు నింపుదాం, వచ్చే నెల నింపుదాం అంటూనే పోయాడు. ఖర్చు ఒకటి, తీరిక ఒకటి. మనలో ఎన్ని ఇళ్లలో ఆ ఫారాలు సొరుగులో ఉన్నాయో మాకు తెలియదు గాని, ఆ భోజనాల నాడు ఈ మాట ఎత్తితే నలుగురు మగవాళ్లు తల దించుకున్నారు.

కాబట్టి చదువరులకు మా మనవి. న్యూజీలాండు మీదుగా వచ్చినవాళ్లు భార్యాభర్తలిద్దరి పేరా దరఖాస్తులు వెంటనే పెట్టండి. ఒకరికి ముందు, ఒకరికి తరువాత అనుకోకండి. ఫిజీలో జరిగిన పెళ్లి పత్రం, పిల్లల పుట్టుక పత్రాలు, ఇక్కడ దిగిన తేదీ తెలిపే కాగితాలు ఒకేచోట, ఇల్లాలికి తెలిసిన చోట పెట్టండి. చట్టాలు మారుతుంటాయి గనుక మేము రాసిందే వేదం అనుకోక అడిగి తెలుసుకోండి. ఇంగ్లీషు ఫారాలు నింపడం కష్టమైన పెద్దలు మొహమాటపడనక్కరలేదు, ఆదివారాలు మధ్యాహ్నం పూట మేము ఇంట్లోనే ఉంటాం. ఆ అమ్మాయి ఫారాలు మొన్న మా వంటింటి బల్లమీదనే నింపాం. దగ్గరి బంధువు పేరు రాయవలసిన గడి వచ్చినప్పుడు చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. తరువాత పెద్ద కొడుకు పేరు రాసింది.